మిస్టరీ షాపింగ్: ఏ కంపెనీకి పనిచేయాలి? అపోహలు – వాస్తవాలు

మామూలు కస్టమర్‌లా షాపుకో, బ్యాంకుకో వెళ్లి, అక్కడ ఏం జరిగిందో రిపోర్టు రాసిచ్చే పనే మిస్టరీ షాపింగ్. ఆ రిపోర్టు కోరే షాపులు, బ్యాంకులు క్లయింట్లు. వాళ్ల తరఫున మనలాంటి షాపర్లను పంపేది మధ్యలో ఉండే కంపెనీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది, "ఏ కంపెనీ ఎక్కువిస్తుంది?" అని. నేను షాపర్‌గా పనిచేశాను, వేరే షాపర్లు పంపిన రిపోర్టులు సరిచూసే ఎడిటర్‌గానూ పనిచేశాను. రెండు వైపులా ఉన్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. కంపెనీ ఎలాంటిదో మనం రిపోర్టు పంపించాకే బయటపడుతుంది. సందేహం వస్తే మనల్ని అడుగుతారా, అడక్కుండానే రిపోర్టు కొట్టేస్తారా? చెప్పిన తేదీకి డబ్బు వేస్తారా? వీటికి జవాబు కొంతవరకు ముందే పసిగట్టొచ్చు. కానీ కొన్ని అపోహలు మన చూపును వేరే వైపు తిప్పేస్తున్నాయి.

అపోహ: ఫీజు ఎక్కువ చూపించే కంపెనీయే మంచి కంపెనీ.

వాస్తవం: జాబ్ బోర్డు మీద కనిపించే ఫీజు ఒక విజిట్‌కి ఇచ్చేది. మన సమయం మాత్రం విజిట్‌తో అయిపోదు. ఒక మొబైల్ షోరూమ్ విజిట్‌నే తీసుకోండి. లోపల ఉండేది 25 నిమిషాలు. దానికి ముందు గైడ్‌లైన్స్ చదవాలి. 18 పేజీలుంటే రెండుసార్లు చదివితే గానీ బుర్రకెక్కదు. ఏ మోడల్ గురించి అడగాలి, ఏ మాట మన నోటి నుంచి రాకూడదు, ఎక్స్‌చేంజ్ ఆఫర్ సంగతి సేల్స్‌మన్ తనంతట తానే చెప్పాడా, మనం కదిపితే చెప్పాడా? అన్నీ గుర్తుపెట్టుకోవాలి. లోపల కాగితం, పెన్ను తీయడానికి లేదు. లోపలికి అడుగుపెట్టిన టైము, ఎవరైనా పలకరించిన టైము, బయటికొచ్చిన టైము నిమిషాలతో సహా కావాలి. ఇంటికొచ్చాక 60 ప్రశ్నలు. "లేదు" అని పెట్టిన ప్రతిదాని కిందా ఎందుకు లేదో రాయాలి. చివర్లో జరిగిందంతా వరసగా ఒక కథనం. బయటి బోర్డు ఫోటో, బిల్లు స్కాన్ సరేసరి. రెండు రోజులాగి ఎడిటర్ మెయిల్ పెడితే దానికి జవాబు. అలా 25 నిమిషాల విజిట్ మూడు గంటల పని అయి కూర్చుంటుంది. ఇంకో కంపెనీ సగం ఫీజే ఇచ్చి 20 అవును–కాదు ప్రశ్నలతో సరిపెడితే, గంటకింతని లెక్కేసుకున్నప్పుడు గిట్టుబాటయ్యేది ఆ రెండోదే.

అందుకే పని ఒప్పుకోకముందే ప్రశ్నాపత్రం చూపించే కంపెనీలకు నేను పెద్దపీట వేస్తాను. క్లయింట్ పేరు పొక్కకూడదని కొందరు ఒప్పుకున్నాకే గైడ్‌లైన్స్ తెరుస్తారు. అందులో తప్పేం లేదు. కానీ ప్రశ్నలెన్ని, కథనం ఎంత రాయాలి, ఎంతలోగా పంపాలి అన్నవి క్లయింట్ పేరెత్తకుండానే చెప్పొచ్చు. అడిగినా చెప్పరంటే ఆ పని వదులుకోవడమే మేలు.

ఇంకో సంగతి. ఫీజు వేరు, రీయింబర్స్‌మెంట్ వేరు. రెండూ కలిపి "మొత్తం ఇంత" అని చూపిస్తే విడదీసి చూడండి. మన డబ్బు మనకు తిరిగి రావడం సంపాదన కాదు. పైగా కొనుగోలుకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, దాటిందంతా మన జేబులోంచే. తప్పనిసరిగా కొనమన్న వస్తువు ఆ పరిమితిలో వస్తుందా లేదా అన్నది బయల్దేరే ముందే చూసుకోవాలి. రిపోర్టు తిరస్కరిస్తే చాలా కంపెనీలు ఫీజుతో పాటు ఆ ఖర్చు కూడా ఇవ్వవు. కాబట్టి కొత్త కంపెనీతో మొదటి ఒకటి రెండు పనులు కొనుగోలు లేనివి తీసుకోండి. ఫోన్ చేసి అడిగేవి, షాపుకెళ్లి వాకబు చేసి వచ్చేసేవి ఉంటాయి కదా, వాటితో మొదలుపెడితే మీ డబ్బు ఇరుక్కోకుండానే వాళ్ల తీరు తెలిసిపోతుంది.

అపోహ: చేరడానికి రిజిస్ట్రేషన్ ఫీజు మామూలే.

వాస్తవం: మామూలు కాదు. అసలైన కంపెనీ మనకు డబ్బిస్తుంది గానీ మన దగ్గర తీసుకోదు. డబ్బులు తీసుకుని "కంపెనీల లిస్టు" అమ్మేవాళ్లు అమ్మేది ఎవరికైనా ఉచితంగా దొరికే సమాచారమే. ఈ పని కోసం ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా చెబుతోంది. సర్టిఫికెట్ల సంగతి వేరు. ఈ రంగపు సంఘాలు నడిపే కోర్సులు కొన్ని ఉన్నాయి. అవి ఇష్టమైతే చేసుకునేవి. అవి లేకుండానే పని దొరుకుతుంది.

అపోహ: ముందుగానే చెక్కు పంపారంటే మన మీద నమ్మకం ఉన్నట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మీరు దరఖాస్తు కూడా పెట్టని కంపెనీ నుంచి, ఎంపికయ్యారంటూ మెసేజ్ వస్తుంది. వెనకే ఒక చెక్కు. అకౌంట్‌లో వేసుకుని, మీ ఫీజు ఉంచుకుని, మిగతా డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొని, వాటి వెనక నంబర్లు గీకి ఫోటో పంపమంటారు. లేదా ఒక మనీ ట్రాన్స్‌ఫర్ సర్వీసును "పరీక్షించడానికి" ఫలానా వ్యక్తికి ఆ డబ్బు పంపమంటారు. అదీ 24 గంటల్లోగా.

ఆ తొందర ఊరికే కాదు. అమెరికాలో డిపాజిట్ చేసిన చెక్కు డబ్బును బ్యాంకులు కొద్ది రోజుల్లోనే వాడుకోనివ్వాలని చట్టం ఉంది. ఆ చెక్కు నకిలీదని తేలడానికి మాత్రం వారాలు పట్టొచ్చు. బ్యాలెన్స్‌లో అంకె కనిపించగానే చెక్కు చెల్లిందనుకుంటాం. తీరా అది నకిలీదని తేలాక బ్యాంకు ఆ మొత్తాన్ని మన దగ్గరే రాబట్టుకుంటుంది. గిఫ్ట్ కార్డు నంబరు వాళ్లకు చేరిన క్షణాల్లోనే ఖాళీ అయిపోయి ఉంటుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం.

చెక్కుల వాడకం లేనిచోట ఇదే మోసం మెసేజింగ్ యాప్‌లలో "టాస్క్" వేషం వేసుకుని వస్తుంది. రేటింగులు ఇవ్వమంటారు, లైకులు కొట్టమంటారు. మొదట్లో చిన్న మొత్తాలు నిజంగానే వేస్తారు. నమ్మకం కుదిరాక, పెద్ద టాస్క్ తెరవాలంటే ముందు డిపాజిట్ కట్టమంటారు. స్క్రీన్ మీద మన "సంపాదన" పెరుగుతూనే ఉంటుంది, తీసుకోబోతే ఇంకో డిపాజిట్ అడుగుతారు. నిజమైన మిస్టరీ షాపింగ్‌లో పని ముందు, డబ్బు తర్వాత. కంపెనీ డబ్బును మీ అకౌంట్ ద్వారా ఇంకొకరికి పంపే పని ఉండదు. ఓటీపీ, పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడగాల్సిన అవసరం ఏ కంపెనీకీ రాదు.

అపోహ: కంపెనీకి ఈ రంగపు సంఘంలో సభ్యత్వం ఉంటే చాలు, లేకపోతే మోసం.

వాస్తవం: సభ్యత్వం చూడటం మంచి అలవాటే. ఈ రంగంలో పేరున్న సంఘం ఎంఎస్‌పీఏ, 1998లో మొదలైంది. దాని ప్రాంతీయ శాఖల వెబ్‌సైట్లలో సభ్య కంపెనీల జాబితా ఉంటుంది. కానీ మోసగాళ్లు వాడుకునేది కూడా ఆ అసలైన కంపెనీల పేర్లనే. కంపెనీ నిజమైనదే, మెయిల్ పంపినవాడు మాత్రం దానికి సంబంధించినవాడు కాడు. కాబట్టి మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, సంఘం సైటుకు మీరే వెళ్లి అక్కడి నుంచి కంపెనీ సైటు తెరిచి చూడండి. మెయిల్ అడ్రస్ చివర కంపెనీ డొమైన్ ఉందా, ఎవరైనా ఉచితంగా తెరుచుకునే అడ్రసా అన్నది అక్షరం అక్షరం పోల్చండి. ఒక్క అక్షరం తేడాతో డొమైన్ కొనేవాళ్లుంటారు. ఇక, సభ్యత్వం లేకుండానే నిజాయతీగా డబ్బిచ్చే చిన్న కంపెనీలూ ఉన్నాయి. సభ్యత్వం అన్నది ఒక ఆధారం, అంతే.

అపోహ: ఒకే కంపెనీని నమ్ముకుంటే పని బాగా ఇస్తారు.

వాస్తవం: షాపర్లు చాలాచోట్ల ఉద్యోగులు కారు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు. ఎన్ని కంపెనీల్లోనైనా పేరు నమోదు చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. క్లయింట్లు ఒక కంపెనీ కాంట్రాక్టు ముగించి ఇంకో కంపెనీకి మారిపోతుంటారు. నిన్నటిదాకా నెలనెలా దొరికిన బ్యాంకు విజిట్లు ఒక్కసారిగా మాయమవుతాయి. అదే షాపుకు మళ్లీ పంపించడానికి నెలల గడువు పెట్టే క్లయింట్లూ ఎక్కువే. ఒకే కంపెనీ అయితే ఆ గడువు అయ్యేదాకా ఖాళీగా ఉండాల్సిందే.

కొత్తవాళ్లు తికమకపడేది ఇంకొకటి ఉంది. శాసీ, షాప్‌మెట్రిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లను చాలా కంపెనీలు పంచుకుంటాయి. లాగిన్ పేజీలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అంతా ఒకే సంస్థ అనుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా కాంట్రాక్టు, ఎడిటర్లు, చెల్లింపు తేదీలు కంపెనీని బట్టి మారతాయి. ఒకచోట మంచి అనుభవం ఎదురైందని రెండోచోట అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టకండి.

అపోహ: వారంలో డబ్బు రాకపోతే ఎగ్గొట్టినట్టే.

వాస్తవం: ఈ రంగంలో 30 నుంచి 60 రోజుల చెల్లింపు చాలా సాధారణం. అసలు చూడాల్సింది ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కపెడతారన్నది. విజిట్ తేదీ నుంచా, రిపోర్టు ఆమోదించిన తేదీ నుంచా, ఆ నెలాఖరు నుంచా? 3వ తేదీన చేసిన విజిట్‌కి "నెలాఖరు నుంచి 45 రోజులు" అంటే దాదాపు రెండున్నర నెలలు ఆగాలి. క్లయింట్ తమకు చెల్లించాకే షాపర్‌కు ఇస్తామని రాసిన అగ్రిమెంట్ అయితే నేను సంతకం పెట్టను. క్లయింట్ దగ్గర వసూలు చేసుకోవడం కంపెనీ పని, ఆ భారం షాపర్ మీద పడకూడదు. చెప్పిన తేదీ దాటాక రెండు మెయిళ్లకూ జవాబు లేకపోతే, అప్పుడు అనుమానించండి. ఆ డబ్బు వచ్చేదాకా ఆ కంపెనీ దగ్గర కొత్త పని ఒప్పుకోకండి.

అపోహ: తప్పులు ఎక్కువ పట్టిస్తే కంపెనీ మెచ్చుకుంటుంది.

వాస్తవం: ఈ పని మొదట్లో షాపుల్లో, బ్యాంకుల్లో సిబ్బంది నిజాయతీని పరీక్షించడానికి పుట్టింది. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ "మిస్టరీ షాపింగ్" అన్న పేరు పెట్టిందంటారు. ఆ నిఘా వాసన ఇంకా పోలేదు. కానీ ఈనాడు క్లయింట్ కొనుక్కునేది జరిగినది జరిగినట్టు చెప్పే రిపోర్టును. కంపెనీ నాణ్యత దాని ప్రశ్నల్లోనే కనిపిస్తుంది. "ఉద్యోగి మర్యాదగా ఉన్నాడా?" అని అడిగి వదిలేస్తే అది మన మూడ్‌ను కొలుస్తుంది. "ఎన్ని నిమిషాల్లో పలకరించారు? ఏ మాటలతో? పనిచేస్తున్నది ఆపి మీ వైపు చూశారా?" అని అడిగేది జరిగినదాన్ని కొలుస్తుంది. మన రిపోర్టుతో అవతల ఒక ఉద్యోగి బోనస్సో, ఉద్యోగమో ముడిపడి ఉండొచ్చు. అభిప్రాయాలతో నింపించే కంపెనీకి పనిచేయడం నాకు అందుకే ఇష్టం ఉండదు. అలాంటిచోట వివాదం వస్తే షాపర్ చేతిలో చూపించడానికి ఆధారమూ ఉండదు.

అపోహ: రిపోర్టు తిరస్కరించారంటే తప్పు షాపర్‌దే.

వాస్తవం: చాలాసార్లు షాపర్‌దే. చెప్పిన వేళల్లో వెళ్లకపోవడం, బిల్లు పోగొట్టుకోవడం, గడువు దాటించడం, ఒక ప్రశ్నకు "అవును" అని కథనంలో "కాదు" అని రాయడం... ఎడిటర్‌గా ఇవి రోజూ చూసేదాన్ని. కానీ చివరిదాన్ని మంచి కంపెనీ తిరస్కరించదు, అడుగుతుంది. "12వ ప్రశ్నలో పేరు బ్యాడ్జి ఉందన్నారు, కథనంలో లేదన్నారు, ఏది సరి?" అని ఒక్క లైను రాస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ఒక్క లైను రాయడానికి ఎడిటర్‌కు తీరిక ఇవ్వని కంపెనీలో షాపర్ కష్టం వృథా అవుతూనే ఉంటుంది.

దీన్ని ముందే కనిపెట్టడానికి ఒక దారుంది. పని ఒప్పుకునే ముందు షెడ్యూలర్‌కు, అంటే కంపెనీలో విజిట్లు కేటాయించే మనిషికి, గైడ్‌లైన్స్ నుంచి నిజంగా తేలని ఒక సందేహం రాసి అడగండి. ఉదాహరణకు, "నేను వెళ్లేసరికి సేల్స్ కౌంటర్‌లో ఎవరూ లేకపోతే ఎంతసేపు ఆగాలి? అయినా రాకపోతే ఆ విజిట్‌కు చెల్లిస్తారా?" ఒకటి రెండు రోజుల్లో సూటిగా జవాబొస్తే ఆ మెయిల్ దాచుకోండి, రేపు పేచీ వస్తే అదే సాక్ష్యం. "గైడ్‌లైన్స్ చూడండి" అని తిప్పి కొడితే, రిపోర్టు దగ్గర కూడా అదే జరుగుతుందని అనుకోవచ్చు. షాపు మూసి ఉండటం, కౌంటర్ మారిపోయి ఉండటం లాంటి మన చేతిలో లేని కారణాలకు కొంతైనా ఇచ్చే కంపెనీలున్నాయి. అగ్రిమెంట్‌లో ఆ వాక్యం ఉందేమో వెతకండి.

అపోహ: ఒకసారి అగ్రిమెంట్ చేశాక బయటికి రాలేం.

వాస్తవం: రావొచ్చు. ఒప్పుకున్న విజిట్లు పూర్తిచేయండి, లేదా గడువుకు ముందే రాతపూర్వకంగా వదులుకోండి. చెప్పకుండా ఎగ్గొడితే ఆ కంపెనీలో మీ పేరు చెడుతుంది, షెడ్యూలర్లు కంపెనీలు మారుతుంటారు కాబట్టి ఆ సంగతి మీతో పాటు ప్రయాణిస్తుంది. రావాల్సిన చెల్లింపుల జాబితా, రిపోర్టు కాపీలు, బిల్లులు, మెయిళ్లు లాగిన్ మూతపడకముందే మీ దగ్గర భద్రపరచుకోండి. చివరి చెల్లింపు అందాక బ్యాంకు వివరాలు తొలగించి అకౌంట్ మూసేయమని రాయండి. గోప్యత ఒప్పందం మాత్రం ఆ తర్వాతా వర్తిస్తుంది. ఏ క్లయింట్‌కు, ఏ షాపుకు వెళ్లారన్నది ఎక్కడా రాయకండి.