తిరుపతి ఎండలో పగడాల తొట్టి

తిరుపతిలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టేవాళ్లకు అసలు పరీక్ష రెండు చోట్ల ఎదురవుతుంది: బోరు నీళ్లు, మే నెల. జిల్లాకే తీరం ఉంది కదా, తూపిలిపాళెం నుంచి సముద్రపు నీళ్లు డ్రమ్ముల్లో తెచ్చుకుంటే పోలా అని కొందరు అంటారు. వద్దు. వరదనీరు కలిసినప్పుడు ఒడ్డు దగ్గర ఉప్పదనం పడిపోతుంది, పైగా బురద. శుద్ధమైన నీళ్లలో రీఫ్ సాల్ట్ (పగడాల తొట్ల కోసం అమ్మే ఉప్పు) కలుపుకోవడమే నయం.

ఇంట్లో ఆర్వో ఉందిలే అనుకోకండి. రుచి కోసం చాలా మెషిన్లలో టీడీఎస్ కంట్రోలర్ కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు పెడితే 60, 80 చూపిస్తుంది. అందులో సిలికేట్, నైట్రేట్ ఉంటే గాజంతా గోధుమరంగు పాచి. మెంబ్రేన్ నుంచి నేరుగా పట్టిన నీటిని మిగిలిన లవణాల్నీ పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, మీటరు 0 చూపించాకే వాడాలి. బకెట్‌లో పంపు తిప్పుతూ లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాముల సాల్ట్ కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం కార్బొనేట్‌గా విరిగి అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) రావాలి.

ఇక్కడి ఎండకు తొట్టి మీద ఫ్యాను పెట్టక తప్పదు. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీరూ తగ్గుతుంది. పొయ్యి మీద చారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే ఇదీ. 150 లీటర్ల తొట్టిలో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే మూడు రోజుల్లో 35 కాస్తా 37 దాటుతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆ శుద్ధమైన నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. గాజు మీద టేపుతో గీత పెట్టుకుని రోజూ చూడండి. తగ్గిన నీటిని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ కొనగలిగితే మిగతా ఖర్చులన్నిటికంటే ముందు అదే కొనండి.

కొత్త తొట్టిలో విషపూరితమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేదాకా, అంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, ఏ జీవినీ వేయకూడదు. ఆ తర్వాత ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షలకు వంతులు), మెగ్నీషియం 1300 దరిదాపుల్లో ఉంటే చాలు. అంకె కంటే నిలకడ ముఖ్యం. ఆల్కలినిటీ తగ్గితే 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా 1 డీకేహెచ్ పెంచుతుంది. కరిగించి, పంపు ధార దగ్గర మెల్లగా పోయాలి. రోజుకు అంతకు మించొద్దు. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకండి. మెత్తని పగడాలే ఉంటే వారానికి 10 శాతం నీరు మార్చడంతోనే చాలావరకు సరిపోతుంది.

ఆ మెత్తనివాటితోనే మొదలుపెట్టండి: జోయాంథస్, మష్రూమ్, లెదర్. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కాగితాల్లేకుండా ఎవరమ్మినా కొనొద్దు.

మెత్తని పగడాలకు 50 నుంచి 150 పార్ (మొక్కలు, నాచు వాడుకోగల వెలుగు కొలత) వెలుగు చాలు, 420 నుంచి 460 నానోమీటర్ల నీలం ఎక్కువగా ఉండాలి. కొత్త ఎల్ఈడీని 40 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచండి. రోజుకు 8 నుంచి 9 గంటలు, టైమరుతో. పగడం కణాల్లో బతికే శైవలాలు (సూక్ష్మమైన నాచు) వెలుగుతో చక్కెర తయారుచేస్తాయి. నీరు 29 డిగ్రీలు దాటి రోజుల తరబడి అలాగే ఉంటే, ఆ పని గాడి తప్పి హానికరమైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. పగడం శైవలాల్ని వెళ్లగొట్టి తెల్లబడుతుంది. తెల్లబడిందని లైటు పెంచేస్తారు చాలామంది, అదే దెబ్బ. వేడి రోజుల్లో లైటు మూడోవంతు తగ్గించి, సాయంత్రానికి జరపండి.

వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. అందుకే కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడవాల్సింది నీటిని కదిలించే వేవ్ పంపు. లైటు కొన్ని గంటలు లేకపోయినా ఏమీ కాదు.