పసుపు, క్యాన్సర్, 2017లో తేలిన లెక్క

నిజామాబాద్ యార్డులో పసుపు ధర పడిపోతే చాలు, పాత వాదన మళ్ళీ లేస్తుంది. పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం క్యాన్సర్‌ను ఆపుతుందని సైన్సే తేల్చింది కదా, మరి మన కొమ్ముకు ఇంత తక్కువ ధరా అని. ఆర్మూర్, మెట్‌పల్లి రైతు ధర అడగడం నూటికి నూరుపాళ్ళు న్యాయం. ఇక్కడ చూడాల్సింది ఆ సైన్స్ సంగతి.

2004లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో తపస్ కుందు బృందం, కర్క్యుమిన్ పి300 అనే ఎంజైమును అడ్డుకుంటుందని ప్రకటించింది. మన డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. పి300 లాంటి ఎంజైములు హిస్టోన్లకు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్కలు తగిలిస్తే ఆ చుట్ట వదులై జన్యువులు పని మొదలుపెడతాయి. కొన్ని క్యాన్సర్లలో ఈ పని అదుపు తప్పుతుంది. దాన్ని ఆపే చిన్న అణువు కోసం వెతుకుతున్న రోజుల్లో అది మంచి ఆధారమే. జీడిగింజ పెంకు నూనెలోని అనాకార్డిక్ ఆమ్లం గురించి అంతకు ముందే చెప్పిందీ ఆ బృందమే.

అసలు మలుపు 2017. ఆ ఏడాది మొదట్లో వచ్చిన ఒక సమీక్ష కర్క్యుమిన్‌ను నిలువునా పరీక్షించింది. అది నిలకడగా ఉండదు, కనబడిన ప్రతి ప్రోటీనుకూ అతుక్కుంటుంది, పైగా తనే మెరుస్తుంది కాబట్టి వెలుగును కొలిచే పరీక్షల్లో తప్పుడు ఫలితం చూపిస్తుంది. పక్కాగా జరిగిన ఒక్క రోగుల పరీక్షలోనూ అది నెగ్గలేదు. అదే ఏడాది మరో బృందం పి300 కోవ ఎంజైములను ఆపుతాయని పేరున్న 23 పదార్థాలను తిరగేసి చూస్తే, ఎక్కువ భాగం ఇలా గురి లేకుండా అంటుకునేవేనని తేలింది. పి300ను ఆపడానికి ల్యాబుల్లో బాగా వాడుకలో ఉన్న సి646 అనే పదార్థం కూడా అందులో ఉంది.

మోతాదు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గాజు గొట్టంలో పి300 పనిని సగానికి తగ్గించడానికి సుమారు 25 మైక్రోమోలార్ (ద్రవంలో పదార్థం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత) కర్క్యుమిన్ కావాలి. తైవాన్‌లో రోగులకు రోజూ 8 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో అది సగటున 2 మైక్రోమోలార్ కూడా దాటలేదు. 3 శాతం కర్క్యుమిన్ ఉన్న పసుపైతే ఆ 8 గ్రాముల కోసం రోజూ పావు కిలో పైనే మింగాలి.

గురి ఉన్న అణువులూ ఆ కాలంలోనే వచ్చాయి. 2017లో పి300 కోసం ఎ-485, 2018లో మెల్‌బోర్న్ నుంచి అదే కోవకు చెందిన కెఎటి6 ఎంజైము కోసం డబ్ల్యూఎం-1119 వచ్చాయి. కెఎటి6ను అడ్డుకునే ఫైజర్ అణువు ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ రోగుల దాకా చేరింది. వీటిలో ఏదీ పసుపు నుంచి తీసింది కాదు.

కర్క్యుమిన్ శాతం చూసి ఎక్కువ ధర ఇవ్వమని అడగడానికి సారం తీసే కంపెనీల గిరాకీ ఒక్కటే చాలు, ఆ వాదన గట్టిది. క్యాన్సర్ పేరు తగిలిస్తే మాత్రం దెబ్బ పడేది కీమో టెన్షన్‌తో వరంగల్ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాల మీద. క్యాన్సర్ నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం ఎప్పటినుంచో నేరమే.