పెంగ్విన్‌కు చలి ఒక లెక్కా? అపోహలు – వాస్తవాలు

అపోహ: పెంగ్విన్లన్నీ మంచులోనే బతుకుతాయి.

ఉన్న 18 జాతుల్లో అంటార్కిటికా ఖండం చుట్టూ అంతటా పిల్లల్ని పెంచేవి రెండే: ఎంపరర్, అడీలీ. జెంటూ, చిన్‌స్ట్రాప్ లాంటివి అంటార్కిటిక్ ద్వీపకల్పం వైపు, చుట్టుపక్కల దీవుల్లో కనిపిస్తాయి. ఆఫ్రికన్ పెంగ్విన్ ఉండేది దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో. గాలపాగోస్ పెంగ్విన్ అయితే భూమధ్యరేఖ మీదే కాపురం పెట్టింది. ముంబై బైకుల్లా జూలో మనవాళ్లు చూసొచ్చేవి హంబోల్ట్ పెంగ్విన్లు, వాటి సొంతూరు పెరూ, చిలీ తీరం. వాటి ఎన్‌క్లోజర్‌లో మంచు లేదని జాలిపడనక్కర్లేదు, మంచే వాటికి కొత్త. ఇక ధ్రువపు ఎలుగుబంటి, పెంగ్విన్ ఎదురుపడేది కార్టూన్లలోనే. ఒకటి ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన.

కింద రాసేది ఎక్కువగా ఎంపరర్ గురించే. అంటార్కిటికా చలికాలంలో గుడ్డు పెట్టే మొండి పక్షి అదొక్కటే.

అపోహ: ఒళ్లంతా దట్టంగా ఈకలు, వాటి కింద కొవ్వు. అందుకే చలి తెలియదు.

సగం నిజం. ఎంపరర్‌కు చదరపు అంగుళానికి వంద ఈకలని చాలాచోట్ల రాసి ఉంటుంది. 2015లో ప్రచురితమైన లెక్క ప్రకారం పైకి కనిపించే గట్టి ఈకలు చదరపు సెంటీమీటరుకు తొమ్మిదే. అసలు పని వాటి కింద, నేరుగా చర్మానికే అంటుకుని ఉండే మెత్తటి నూగుది. అది పై ఈకలకు నాలుగు రెట్లుంటుంది. నూగు మధ్య చిక్కుకున్న గాలే దుప్పటి. లోతుకు మునిగినప్పుడు నీటి ఒత్తిడికి ఆ గాలి నలిగిపోతుంది, కొవ్వు విలువ అక్కడ తెలుస్తుంది.

ఈ దుప్పటి ఎంత గట్టిదంటే, థర్మల్ కెమెరాతో చూస్తే ఈకల పైభాగం చుట్టూ ఉన్న గాలి కంటే 4 నుంచి 6 డిగ్రీలు చల్లగా కనిపించింది. లోపలి వేడి బయటికి దాదాపు రాదు, పైభాగం మాత్రం నిర్మలమైన ఆకాశానికి తన వేడిని పోగొట్టుకుంటూ ఉంటుంది.

అయినా దీనికీ ఒక హద్దుంది. గాలి వీచకపోతే మైనస్ 10 డిగ్రీల దాకా ఎంపరర్‌కు అదనపు ఖర్చేమీ ఉండదు. అక్కణ్నుంచి దిగే ప్రతి డిగ్రీకీ ఒంట్లో కొవ్వు కరగాల్సిందే. కాబట్టి ఎంత చలి అన్నది ఒక్కటే అడిగితే చాలదు, ఎంత కొవ్వు మిగిలింది, ఇంకా ఎన్ని రోజులు గడవాలి అని కూడా అడగాలి.

అపోహ: కాళ్లు మంచుకు అంటుకుపోకపోవడానికి వాటిలో నెత్తురు లేకపోవడమే కారణం.

నెత్తురుంది. పాదాలకు దిగే వెచ్చటి ధమనులు, పైకొచ్చే చల్లటి సిరలు పక్కపక్కనే నడుస్తాయి. దిగే నెత్తురు తన వేడిని ఎక్కే నెత్తురుకు ఇచ్చేస్తుంది. దాంతో పాదం గడ్డకట్టే స్థాయికి కాస్త పైన ఉంటుంది, ఒంటి వేడి పోదు. మరీ చలిగా ఉంటే వేళ్లు పైకెత్తి మడమల మీద, తోక మీద ఆనుకుంటాయి.

అపోహ: గుంపులో బలమైనవి మధ్యలో చేరతాయి, బలహీనమైనవి అంచున చస్తాయి.

గుంపు నిలకడగా ఉండదు. చదరపు మీటరుకు పది దాకా పక్షులు ఒత్తుకుంటే లోపల వేడి 37 డిగ్రీలకు కూడా చేరుతుంది. అంత బిగువులో ఏ ఒక్కటీ విడిగా కదల్లేదు. అందుకే 30 నుంచి 60 సెకన్లకోసారి ఒక పక్షి అడుగేస్తే పక్కదీ వేస్తుంది, 5 నుంచి 10 సెంటీమీటర్ల ఆ కదలిక అలలా గుంపంతా పాకుతుంది. గాలి కొట్టే వైపున్నవి చుట్టు తిరిగి చాటు వైపుకు చేరతాయి. ఉక్కపోస్తే గుంపు విడిపోతుంది. కొన్ని గుప్పున ఆవిరి వదిలి మంచు తింటాయి కూడా.

అపోహ: తండ్రి ప్రాణం పోయినా గుడ్డు వదలడు.

మే, జూన్‌లలో తల్లి అరకిలోకు కాస్త తక్కువ బరువుండే ఒకే గుడ్డు పెట్టి, తండ్రి పాదాల మీదికి దొర్లించి సముద్రానికి వెళ్తుంది. జంట కొత్తదైతే తడబాటు ఎక్కువ. గుడ్డు మంచు మీద జారి ఆలస్యమైతే గడ్డకట్టి పోతుంది. తండ్రి దాన్ని పొట్ట మడత కింద సుమారు 64 రోజులు పొదుగుతాడు. కాలనీకి, అంటే అన్నీ చేరి పిల్లల్ని పెంచే చోటికి, వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు నెలల ఉపవాసం, బరువులో 40 శాతం దాకా పోతుంది. తల్లి రాక ముందే పిల్ల బయటికొస్తే అన్నవాహిక నుంచి పాల లాంటి స్రావం పెట్టి కొద్ది రోజులు నెట్టుకొస్తాడు. కొవ్వు అయిపోయి కండలు కరగడం మొదలైతే మాత్రం హార్మోన్లు మారతాయి, గుడ్డు వదిలి సముద్రం దారి పడతాడు. అది కఠినత్వం కాదు. ఎదిగిన పక్షి బతికితే వచ్చే ఏడు ఇంకో గుడ్డుంటుంది.

అపోహ: జీవితాంతం ఒకే జత.

ఎంపరర్‌లలో మరుసటి ఏడు పాత జతే కుదిరేది ఏడింటిలో ఒకటికి అటూఇటుగా. గూడు లేదు, కలుసుకునే చోటు లేదు, ఎదురుచూస్తే కొవ్వు ఖర్చు. రాళ్ల గూటికి తిరిగొచ్చే అడీలీలలో జత నిలిచే అవకాశం ఎక్కువ.

అపోహ: పిల్లల్ని చంపేది గడ్డకట్టించే చలి.

ఎక్కువ నష్టం చేసేవి తడి, ఆకలి. పిల్లల బూడిదరంగు నూగు పొడి చలిని బాగానే ఆపుతుంది, నీటిని ఆపదు. తడిసి గాలి తగిలితే అంతే. అడీలీలు గులకరాళ్లు పేర్చేది అందం కోసం కాదు, కరిగిన మంచునీరు గుడ్డును ముంచకుండా. 2013–14 సీజన్‌లో తూర్పు అంటార్కిటికాలోని అడీలీ ల్యాండ్‌ అనే చోట ఒక కాలనీలో 20 వేలకు పైగా జంటలుంటే ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. సముద్రపు మంచు కరగక మేతకు చాలా దూరం పోవాల్సొచ్చింది, దానికి తోడు ఆ చోట అరుదైన వాన పడింది.

ఎంపరర్‌లకు దీనికి తిరగబడ్డ కష్టం. వాటి కాలనీ నిలిచేది తీరానికి అతుక్కున్న సముద్రపు మంచు పలక మీద. పిల్లలకు నీరు చొరని ఈకలొచ్చేది డిసెంబరు ప్రాంతంలో. 2022లో అంటార్కిటిక్ ద్వీపకల్పానికి పడమరనున్న బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో పలక ముందే విరిగింది. అక్కడ తెలిసిన ఐదు కాలనీల్లో నాలుగింట్లో పిల్లలు దక్కలేదు. ఆ సంగతి తెలిసింది ఉపగ్రహ చిత్రాలతోనే. మంచు మీద గోధుమరంగు రెట్ట మరక ఉంటే కాలనీ ఉన్నట్టు, పలకతోపాటు మరక మాయమైతే కాలనీ చెదిరినట్టు.

అపోహ: విమానం వెళ్తుంటే తలెత్తి చూసి వెల్లకిలా పడతాయి.

బ్రిటిష్ శాస్త్రవేత్తలు దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో కింగ్ పెంగ్విన్ల మీదుగా హెలికాప్టర్లు నడిపి చూశారు. ఒక్కటీ పడలేదు. అరుపులు ఆపాయి, కొన్ని పక్కకు జరిగాయి.

అపోహ: పిల్లలు వెళ్లిపోతే పెద్దవాటి కష్టం తీరినట్టే.

ఆ వెంటనే ఈకలు మార్చుకోవాలి. మిగతా పక్షుల్లా కొంచెం కొంచెంగా కాదు, అన్నీ ఒకేసారి రాలతాయి. నెల దాటే ఆ రోజుల్లో నీటిలో దిగడానికి లేదు, అంటే తిండి లేదు. అందుకే ముందుగా తెగ తిని ఒళ్లు చేసి, గట్టి మంచు పలక వెతుక్కుంటాయి. అది జనవరి, ఫిబ్రవరి, సముద్రపు మంచు అతి తక్కువగా ఉండే కాలం. ఈకలు సగం మారిన పక్షి కింద పలక విరిగితే, దాని ఒంటి మీద నీటిని ఆపే దుప్పటి ఉండదు.