పిల్లికి మూలలెందుకు వచ్చాయి?

పెరూ దేశపు పాత శాలువాల ఫొటోలు చూసి ఒక పాఠకురాలు అడిగారు: "ఆ పిల్లులన్నీ పెట్టెల్లా ఉన్నాయేమిటి? వాళ్లకు బొమ్మ వేయడం రాదా?"

వచ్చు, బాగా వచ్చు. మూలలు వచ్చింది కుట్టే పద్ధతి వల్ల.

ఆ శాలువాలు పారకాస్ ద్వీపకల్పంలోవి. 1927-28లో పురాతత్వవేత్త హూలియో తెయో బృందం అక్కడి శ్మశానంలో, ఇలాంటి గుడ్డలు చుట్టి పాతిపెట్టిన 429 శవాల మూటలను బయటికి తీసింది. వాన ఎరగని ఎడారి కాబట్టి, దాదాపు రెండు వేల ఏళ్లు గడిచినా రంగులు నిలిచాయి. పారకాస్ అనగానే పొడుగు పుర్రెలు చూపించి గ్రహాంతరవాసులంటూ వీడియోలు చేస్తారు. పసిబిడ్డ తలకు గుడ్డ బిగించి కడితే పుర్రె అలా సాగుతుంది, అంతే. నాకు ఆ పుర్రెల కన్నా వాటి పక్కనున్న సూదిపనే వింత.

కుట్టు మనకు తెలిసిందే, కాడ కుట్టు. రుమాలు మీద పువ్వుకు కాడ వేయడానికి నేర్పేది. సూది పైనుంచి నాలుగు పోగులు దాటుతుంది, అడుగు నుంచి రెండు పోగులు వెనక్కి వచ్చి పైకి లేస్తుంది. మళ్లీ నాలుగు, మళ్లీ రెండు. మనం దానితో ఒక గీత వేసి ఊరుకుంటాం. వాళ్లు వరస పక్కన వరస వేసి, అడుగు గుడ్డ కనబడకుండా కప్పేశారు. పిల్లీ కుట్టే, పిల్లి వెనకున్న నేలా కుట్టే. పరిశోధకులు గీతల శైలి అనే ఈ పద్ధతిలో గీత అడ్డంగానో, నిలువుగానో, ఐమూలగానో మాత్రమే నడుస్తుంది. వీపు ఒంపు తిరగవలసిన చోట గీత విరిగి మూల తేలుతుంది. పొట్టలో ఖాళీ మిగిలితే? అందులో ఇంకో చిన్న పిల్లిని కూర్చోబెట్టారు!

అడుగు గుడ్డ కొన్నిట్లో నూలుదైనా కుట్టుదారం మాత్రం అల్పాకా వంటి ఒంటె జాతి జంతువుల ఉన్ని. ఉన్ని ప్రొటీన్, నూలు సెల్యులోజ్. పటిక సాయంతో వేరు నుంచి తీసిన ఎరుపు ప్రొటీన్‌ను పట్టుకున్నంత గట్టిగా సెల్యులోజ్‌ను పట్టుకోదు.

ఇక రెండో శైలి. ముందు బొమ్మ అంచు కుట్టి, తర్వాత లోపల రంగులు నింపడం. ఇక్కడ గీత ఎటైనా తిరుగుతుంది కనుక రాబందు రెక్కకు, నక్క తోకకు ఒంపులు వచ్చేశాయి. గమ్మత్తేమిటంటే రెండు శైలుల శాలువాలూ ఒకే మూటలో దొరికాయి. అంటే పెట్టె పిల్లిని కోరి కుట్టారు. అంచు ముందు, రంగు తర్వాత అని మనకు తెలిసింది సగంలో ఆగిన పని వల్లే. కొన్ని శాలువాల మీద అంచు గీతలే ఉన్నాయి, లోపల రంగు పడలేదు. వాటినీ అలాగే శవానికి చుట్టి పాతిపెట్టారు.