కాన్పు మందు ఒక్క ఫ్యాక్టరీ చేతికి: 2018లో ఏం జరిగింది?

డెయిరీల్లో ఆక్సిటోసిన్ (కాన్పులో తల్లులకు ఇచ్చే మందే, పాలు ఎక్కువ పిండడానికి పశువులకూ పొడుస్తారు) ఇంజెక్షన్లు పట్టుబడ్డాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ బెంగళూరు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ఈ మందును పూర్తిగా బ్యాన్ చేయాలి. పిల్లలకు పాలు పోసే ఇళ్లలో ఆ టెన్షన్ సహజమే. కానీ 2018లో దాదాపు ఆ పనే జరగబోయింది. దాని మధ్యలో ఉన్నది మన ఊరి ప్రభుత్వ రంగ సంస్థ, కర్ణాటక యాంటీబయాటిక్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్.

ఆ ఏడాది ఏప్రిల్ 27న కేంద్ర ఆరోగ్యశాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. దేశంలో వాడే ఆక్సిటోసిన్‌ను ఇకపై ప్రైవేటు కంపెనీలు తయారు చేయకూడదు. దిగుమతులు అప్పటికే ఆపేశారు. ఇక మిగిలింది ఈ సంస్థ ఒక్కటే. అంతకుముందు దానికి ఈ మందు తయారుచేసిన అనుభవమే లేదు!

పశువులకు సూది పొడిచి పాలు పిండుతున్నారు, దొంగచాటు తయారీ ఆగడం లేదు అన్నది ప్రభుత్వ వాదన. 2016 నాటి హిమాచల్ హైకోర్టు తీర్పునూ చూపింది.

కాన్పుల వార్డులో భయం వేరు. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే మాయ ఊడిన చోట రక్తనాళాలు మూసుకుంటాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరు దాకా రక్తం వెళ్తుంటుంది కాబట్టి, అది ముడుచుకోకపోతే చూస్తుండగానే తల్లి ప్రాణం మీదికొస్తుంది. అందుకే బిడ్డ బయటికి రాగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రక్తస్రావం మొదలయ్యాక కూడా డాక్టర్లు ముందు అందుకునేది దీన్నే. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, గర్భసంచిలో పెట్టి ఉబ్బించే బెలూన్, ఆపరేషన్ దానికి తోడు వచ్చేవి. పైగా ఈ మందు 2–8 డిగ్రీల చలిలో ఉండాలి. ఉన్న ఒక్క ఫ్యాక్టరీలో ఒక బ్యాచ్ పాడైతే జిల్లా ఆస్పత్రులకు ఎవరిస్తారు? 2001–03 సర్వేలో మన ప్రసూతి మరణాల్లో 38 శాతం రక్తస్రావం వల్లేనని తేలింది.

మందులు అందరికీ అందాలని పనిచేసే ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, రెండు మందుల కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. జులై 1 నుంచి అన్న నిషేధం సెప్టెంబర్ 1కి జరిగింది, ఆ తర్వాత కోర్టు ఆపింది. డిసెంబర్ 14న నోటిఫికేషన్‌నే కొట్టేసింది. నిర్ణయానికి శాస్త్రీయ ఆధారం లేదని, మందు దొరక్కపోతే గర్భిణులకు కలిగే ముప్పును లెక్కలోకి తీసుకోలేదని తప్పుబట్టింది. నా మటుకు ఈ వివాదంలో అసలు మలుపు అదే. కేంద్రం అప్పీలుకెళ్లగా, 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు కేసును విస్తృత ధర్మాసనానికి పంపింది.

ఇక డెయిరీల సంగతి. పాలు పెంచడానికి పశువు ఆరోగ్యం చెడగొట్టే సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం. శిక్ష వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ.