కొత్త పికప్ ఒక్కసారిగా లాగడం మానేస్తే

ఏడాది కూడా నిండని పికప్ ట్రక్. వెనక లోడు ఉంది, ముందు ఎత్తైన రోడ్డు ఉంది. సగం ఎక్కాక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదు. స్పీడు పడిపోతుంది, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతుంది. పక్కకు తీసి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే పరుగు తీస్తుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, "బాగానే ఉంది కదండీ" అంటారు. పాత బండైతే అరిగిపోయిందని సరిపెట్టుకోవచ్చు. కొత్త బండికి ఆ మాట కుదరదు. పిస్టన్ రింగులు అరగడానికి ఇంకా చాలా టైం ఉంది. మరి ఉన్న శక్తంతా ఏమైనట్టు?

చాలాసార్లు అది ఎక్కడికీ పోదు. ఇంజిన్‌కు ఆ సత్తా అలాగే ఉంటుంది, కంప్యూటరే బయటికి రానివ్వదు. కాబట్టి ఇలాంటి కేసులో ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇంజిన్ ఇవ్వలేకపోయిందా, లేక కంప్యూటర్ ఇవ్వనివ్వలేదా? దీన్ని తేల్చకుండా స్పానర్ పట్టుకుంటే మంచి పార్టులు విప్పి పారేయడమే మిగులుతుంది.

ఇప్పటి బండ్లలో యాక్సిలరేటర్ పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య కేబుల్ ఉండదు. పెడల్ తొక్కడమంటే కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, ఇంత శక్తి కావాలని అర్జీ పెట్టుకోవడమే. పెడల్‌లో సాధారణంగా రెండు సెన్సర్లు ఉంటాయి. చాలా డిజైన్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానికి రెట్టింపు ఉండేలా పెడతారు. ఈసీయూ ఆ రెండింటినీ ఎప్పటికప్పుడు పోల్చి చూస్తుంది. లెక్క కలవకపోతే ఏది నిజమో దానికి తెలియదు కనుక శక్తిని బాగా తగ్గించేస్తుంది. తప్పుడు సంకేతం నమ్మి బండి తనంతట తానే దూసుకుపోవడం కంటే నెమ్మదిగా ఇంటికి చేరడం నయం. దీన్నే లింప్ మోడ్ అంటారు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం), ఇంధనం, ఎగ్జాస్ట్ సెన్సర్ల విషయంలోనూ ఇదే పద్ధతి. డీజిల్ ఇంజిన్‌లోకి రావాల్సినంత గాలి రాకుండా మామూలు లెక్కనే డీజిల్ చిమ్మితే నల్లటి పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, టర్బోకు ముప్పు. అందుకే గాలి తక్కువని అనుమానం రాగానే ఈసీయూ డీజిల్ కోసేస్తుంది. ఆపి స్టార్ట్ చేయగానే బండి బాగైందంటే జబ్బు నయమైందని కాదు. ఈసీయూ తన నిర్ణయాన్ని కొత్తగా మొదలుపెట్టిందంతే. మళ్లీ అదే ఎత్తు, అదే లోడు ఎదురైతే అదే జరుగుతుంది.

స్కానర్ (ఈసీయూలోని వివరాలు చదివే పరికరం) పెట్టకముందే డ్రైవర్ కనిపెట్టగల తేడా ఒకటుంది. తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తూ స్పీడు మాత్రం పెరగకపోతే శక్తి గేర్‌బాక్స్ దగ్గరో క్లచ్ దగ్గరో జారిపోతోంది. రెండూ లేవకపోతే చూడాల్సింది ఇంజిన్ వైపు. ఒక చక్రం దగ్గర మాత్రమే విపరీతమైన వేడి, కాలిన వాసన ఉంటే ఇంజిన్ తప్పేమీ లేదు, అక్కడ బ్రేకు పట్టేసి ఉంది.

ఇక తప్పు పట్టుకున్నప్పుడు ఈసీయూ రాసిపెట్టుకునే కోడ్ సంగతి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ, తేలికపాటి ట్రక్కులకూ ఓబీడీ-2, అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా చెప్పే పద్ధతి, తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ దానిదే. స్కానర్ తగిలిస్తే, ఉదాహరణకు, పీ0299 అనే కోడ్ వస్తుంది. టర్బో ఒత్తిడి ఉండాల్సినదానికంటే తక్కువ ఉందని దానర్థం. చాలామంది తడబడేది ఇక్కడే. "టర్బో పోయింది" అని ఆ కోడ్ చెప్పడం లేదు. ఒత్తిడి తక్కువగా కనిపించిందని మాత్రమే చెబుతోంది. గాలి గొట్టం జాయింటు వదులు కావచ్చు, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పగిలి ఉండవచ్చు, టర్బో లోపలి రెక్కలను కదిలించే యాక్చుయేటర్ పట్టేసి ఉండవచ్చు, చివరికి కొలిచే సెన్సరే తప్పు చెప్పవచ్చు. అలాగే పీ0087 అంటే ఇంధన రైలులో, అంటే ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలో, ఒత్తిడి చాలలేదని. పంపు మార్చమని కాదు.

కోడ్ కంటే విలువైనది దానితోపాటు దాచి ఉంచే ఫ్రీజ్ ఫ్రేమ్. తప్పు పట్టుకున్న క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత, స్పీడు ఎంత, కూలెంట్ ఎంత వేడిగా ఉంది అన్నీ అందులో ఉంటాయి. కోడ్ చెరిపేస్తే ఇదీ చెరిగిపోతుంది. "లైటు ఆర్పేశాం, మళ్లీ వస్తే తీసుకురండి" అనే పద్ధతి మీద నాకు నిజంగా కోపం. దొరికిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని చేతులారా పోగొట్టడం అది. చెరిపేముందు ఆ వివరాల ప్రింటు తీసి ఇవ్వమని అడగడం బండి యజమాని హక్కు.

సాక్ష్యం చేతిలో ఉంటే అసలు పరీక్షకు వెళ్లవచ్చు. స్కానర్‌లో రెండు గీతలు పక్కపక్కనే పెట్టి చూడాలి. ఒకటి ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి), రెండోది నిజంగా అందిన బూస్ట్. లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు అడిగింది ఎక్కువ, అందింది తక్కువ అయితే ఎక్కడో గాలి కారుతోంది లేదా టర్బో పని చేయడం లేదు. అసలు అడగడమే తక్కువైతే కథ వేరు. ఈసీయూ ఇంకేదో కారణంతో శక్తిని ఆపుతోందన్నమాట. అప్పుడు గొట్టాలు వెతకడం దండగ, ఆ కారణాన్ని వెతకాలి. ఇంధన ఒత్తిడికీ ఇదే పోలిక పనికొస్తుంది. సెన్సర్ మీద అనుమానం ఉంటే అంతకంటే సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి పెడితే, లోపలి గొట్టాల్లో ఉండేది బయటి గాలే. కాబట్టి మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) ఒత్తిడి సెన్సర్ బయటి వాతావరణ పీడనాన్నే చూపించాలి. సముద్ర మట్టం దగ్గర అది దాదాపు 101 కిలోపాస్కల్స్, 1000 మీటర్ల ఎత్తులో దాదాపు 90. ఇంకేదో అంకె కనిపిస్తే సెన్సరో దాని వైరో అబద్ధం చెబుతోంది.

గాలి కారడం షెడ్డులో ఎందుకు దొరకదు? బండి ఐడిల్‌లో, అంటే నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతూ, ఉన్నప్పుడు టర్బో దాదాపుగా ఒత్తిడి పెంచదు. పూర్తి లోడు మీదే గొట్టంలోని గాలి బయటి గాలికంటే ఒక బార్, అంతకంటే ఎక్కువ కూడా పెరుగుతుంది. రబ్బరు ఉబ్బుతుంది, సరిగా కూర్చోని క్లాంప్ కింద సందు తెరుచుకుంటుంది. కాలు తీయగానే మూసుకుంటుంది. కానీ ఆ సందు ఒక ఆనవాలు వదిలి వెళ్తుంది. ఇంజిన్ లోపలి ఆవిర్ల వెంట కొద్దిపాటి ఆయిల్ తుంపర గాలి గొట్టాల్లోకి చేరుతూనే ఉంటుంది. జాయింటు కారితే అక్కడినుంచి బయటపడిన ఆయిల్ మీద దుమ్ము అంటుకుని, క్లాంప్ చుట్టూ ఒకవైపు మాత్రమే నల్లటి జిడ్డు మరక ఏర్పడుతుంది. ఇంటర్‌కూలర్ కింది మూల జాయింటు దగ్గర టార్చి వేసి, వేలితో తుడిచి చూడాలి. దాన్ని శుభ్రంగా తుడిచి, కొంత దూరం లోడుతో నడిపి మళ్లీ చూస్తే అనుమానం తీరుతుంది. పొగ ఎక్కించి చూసే స్మోక్ టెస్ట్ మంచిదే, కానీ అది తక్కువ ఒత్తిడితో చేసే పని. పెద్ద ఒత్తిడికే తెరుచుకునే సందు దానికి చిక్కకపోవచ్చు.

కొత్త యంత్రాలు మొదట్లోనే ఇబ్బంది పెట్టడం ఇంజనీర్లకు కొత్తేమీ కాదు. పాడయ్యే అవకాశం మొదట్లో ఎక్కువగా, మధ్యలో తక్కువగా, పాతబడ్డాక మళ్లీ ఎక్కువగా ఉంటుందని చెప్పే గీతను వాళ్లు బాత్‌టబ్ కర్వ్ అంటారు. మొదట్లో బయటపడేవి అరుగుదల లోపాలు కావు, అమరిక లోపాలు. అందుకే కొత్త పికప్‌లో పార్టుల కంటే ముందు కనెక్షన్లను అనుమానించాలి. ఒకేసారి మూడు సెన్సర్ల మీద కోడ్లు వస్తే మూడూ కలిసి చచ్చాయని ఎలా నమ్ముతాం? సెన్సర్లకు ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల సరఫరాను చాలావాటికి ఉమ్మడిగా పంచుతారు. ఎర్తు వైరూ అంతే. ఒక్కచోట వైరు బ్రాకెట్‌కు రాసుకుని లోపలి రాగి బయటపడితే, దానితో ఏ సంబంధమూ లేని సెన్సర్లు కూడా పిచ్చి అంకెలు చూపిస్తాయి. కనెక్టర్ బయటికి టక్కున బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల ఒక పిన్ను మాత్రం వెనక్కి జారి ఉంటుంది. తగిలీ తగలనట్టు ఉండే ఆ పిన్ను రోడ్డు అదుర్లకే విడిపోతుంది. స్కానర్ మీద అంకెలు చూస్తూ వైరింగ్‌ను చేత్తో మెల్లగా కదిపితే, అంకె ఎక్కడ ఎగిరిపడితే తప్పు అక్కడే. ఎలుకలు వైర్లు కొరికినా ఇంతే, వాటికి కొత్త బండి పాత బండి తేడా ఉండదు.

ఇంధనం వైపు కూడా ఒక చూపు వేయాలి. ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఒత్తిడి 2000 బార్ దాకా, కొన్నిట్లో అంతకు మించి వెళ్తుంది. నీళ్లు కలిసిన డీజిల్ ఒక్కసారి పోయించుకున్నా ఆ వ్యవస్థకు చాలా చెడు చేస్తుంది. ట్యాంకు నింపిన వెంటనే లాగడం తగ్గిందంటే అది పెద్ద క్లూ. ఇక డీపీఎఫ్. ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టుకునే ఈ ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆ మసిని కాల్చేసుకుంటుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి ఆ వేడి అందదు. మసి పేరుకుంటుంది, చివరికి ఈసీయూ శక్తి తగ్గిస్తుంది. ఈ ఒక్క విషయంలో బండిలో లోపమే లేకపోవచ్చు. వాడకానికీ బండికీ పొత్తు కుదరలేదంతే. కొన్నిసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేస్తుంది. ఆ మోడల్‌కు అలాంటిది ఏదైనా వచ్చిందా అని అడిగి తెలుసుకోవాలి.

బండి యజమాని ఇవ్వగలిగిన సాయం చిన్నది కాదు. ఎత్తులోనా, ఎంత లోడుతో, వానలోనా, ట్యాంకులో ఎంత డీజిల్ ఉండగా, స్టార్ట్ చేశాక ఎంతసేపటికి జరిగిందో రాసి పెట్టుకోవాలి. పక్కన ఎవరైనా ఉంటే డాష్‌బోర్డును వీడియో తీయించాలి. టెన్షన్‌లో బ్యాటరీ వైరు పీకి "రీసెట్" చేయడం వద్దు, చాలా బండ్లలో కోడ్లన్నీ దాంతో పోతాయి. ఆయిల్ ప్రెజర్ లైటో, టెంపరేచర్ లైటో ఎర్రగా వెలిగితే మాత్రం ఈ పరిశోధనంతా పక్కనపెట్టి వెంటనే సురక్షితమైన చోట ఇంజిన్ ఆపేయాలి. పెట్రోల్ బండిలో ఇంజిన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే అది మిస్‌ఫైర్ హెచ్చరిక, అంటే ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండడం లేదని. అలాగే తొక్కుకుంటూ పోతే ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు.

రిపేరు అయిందని చెప్పాక ఖాళీ బండిని వీధి చివరిదాకా తిప్పి తెచ్చుకుంటే సరిపోదు. చాలా కోడ్లకు వరసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే లైటు వెలుగుతుంది. కాబట్టి మొదటి రోజు లైటు రాకపోవడం రుజువు కాదు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసున్న అదే స్పీడు, అదే లోడు వచ్చేలా అలాంటి ఎత్తు మీదే నడిపించి, అడిగిన బూస్ట్ గీతా అందిన బూస్ట్ గీతా కలిసి పోతున్నాయా అని స్కానర్‌లో చూపించమనాలి.