చెంచాడు తోడు

చిట్టీ, బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ బకెట్లో పడిందని, నాన్న ఆ సంగతి మన ఇంటి గ్రూపులో పెట్టగానే పదకొండు మంది సలహా ఇచ్చారని, అందులో తొమ్మిది మంది బియ్యంలో పెట్టమన్నారని రాశారు. "తాతయ్యా, అంతమంది చెప్పారంటే అది నిజమేనా?" అని చిట్టి అడిగింది. అది చదవగానే నాకు మా అమ్మ పెరుగు గిన్నె గుర్తొచ్చింది.

మా ఊళ్లో ఒక్కోసారి తోడుకు పెరుగు మిగిలేది కాదు. అప్పుడు అమ్మ చిన్న గిన్నె నా చేతికిచ్చి పక్కింటికి పంపేది. పిన్నిగారు చెంచాడు తోడు వేసి ఇచ్చేవారు. ఇచ్చినందుకు వాళ్లకు తరిగేదేమీ లేదు, మా ఇంట్లో మాత్రం తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. వారం తిరగకముందే వాళ్ల పిల్లవాడు మా ఇంటికి గిన్నెతో వచ్చేవాడు. ఒకరికొకరు చెప్పుకునే చిట్కా కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎలాగో నాకు చెప్పింది అమెరికాలో ఉన్న మీ అత్తయ్య. దాన్ని నేను మా పార్కు స్నేహితులు నలుగురికి చెప్పాను. అత్తయ్యకు ఏమైనా తరిగిందా?

అయితే పక్కింటి నుంచి వచ్చేది చెంచాడు తోడే, పాలు మనవి. పాలు మరీ వేడిగా ఉంటే తోడులో ఉన్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పెరుగు తోడుకోదు. అందుకే అమ్మ ముందు చిటికెన వేలు ముంచి చూసేది. గోరువెచ్చగా ఉంటేనే తోడు వేసేది. చలికాలంలో గిన్నెను గుడ్డతో చుట్టి పొయ్యి దగ్గర పెట్టేది. పిన్నిగారు ఎంత మంచివారైనా మా పాలలో వేలు ముంచి చూడాల్సింది అమ్మే.

ఇప్పుడు బియ్యం సంగతి. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లకుండా అందులో నాలుగు బియ్యపు గింజలు వేస్తారు, చూశారు కదా. ఉప్పు డబ్బాలో అది పనికొచ్చే చిట్కాయే. దాన్నే ఎవరో ఫోనుకు పట్టుకెళ్లారు. ఫోన్ లోపలికి దూరిన నీటిని బయటున్న గింజ ఎలా తాగుతుంది? బాగా ఆరిన బియ్యంలోనే నూటికి 12 నుంచి 14 పాళ్లు నీరు ఉంటుంది. పైగా ఆ పిండి, నలుసులు చార్జింగ్ రంధ్రంలో చేరతాయి. ఐఫోన్లు తయారుచేసే ఆపిల్ కంపెనీయే ఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని 2024లో తన సూచనల్లో రాసింది. ఫోన్‌ను వెంటనే ఆఫ్ చేయాలి. చార్జింగ్ పెట్టకూడదు. పైనున్న కవర్ తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టాలి. ఆ తర్వాత గాలి ఆడే చోట వదిలేయాలి. పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడిగాలి కొట్టొద్దు.

తొమ్మిది మంది చెప్పారు కదా అంటారా? వాళ్లలో ఎంతమంది తడిసిన ఫోన్‌ను స్వయంగా ఆరబెట్టి చూశారో అడగండి. తొమ్మిది ఇళ్లలో ఉన్నది ఒకే ఇంటి తోడు కావచ్చు. మొదటి ఇంట్లో అది పులిసిపోయి ఉంటే వీధి వీధంతా పుల్ల పెరుగే. వాట్సాప్‌లో కొన్ని సందేశాల పైన రెండు బాణాలు కనిపిస్తాయి. అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని గుర్తు. 2020 నుంచి అలాంటి సందేశాన్ని ఒక్కసారికి ఒక్కరికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తున్నారు. ఆ బాణాలు కనబడితే కాస్త ఆగండి. ఇక ఏదో యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి అనే సలహా ఎంత దగ్గరివాళ్ల పేరుతో వచ్చినా, అమ్మానాన్నలకు చూపించకుండా ముట్టుకోవద్దు. అలాంటి దానివల్ల డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమనండి.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మా మామయ్య ట్రాన్సిస్టర్ రేడియోలో సెల్స్ నీరసించి విజయవాడ కేంద్రం గుసగుసలా వినబడేది. సెల్స్ ఎండలో పెడితే మళ్లీ బలం వస్తుందని బళ్లో ఎవరో చెప్పారు. డాబా మీద మధ్యాహ్నమంతా ఉంచి వేశాను. రేడియో గణగణా మోగింది! ఆ సంతోషంలో బళ్లో అందరికీ చెప్పాను. నిజానికి ఎండ కొత్తగా ఇచ్చేదేమీ లేదు. వేడికి లోపల మిగిలిన రసాయనాలు కాసేపు చురుగ్గా కదులుతాయి, అంతే. సెల్ వాడేకొద్దీ దాని జింకు డొక్కే కరిగిపోతుంటుంది. చివరికి చిల్లు పడి లోపలిది బయటికి కారుతుంది. మూడో వారం మూత తీస్తే స్ప్రింగుల నిండా పొడి, తుప్పు. భయమేసి, గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. బళ్లో ఎవరికీ చెప్పలేదు.

నెలరోజులకు నా స్నేహితుడి ఇంట్లో రేడియో అలాగే పాడైంది. వాళ్ల నాన్న ఆ పిల్లవాణ్ణి కొట్టారు. చిట్కా చెప్పింది నేను. పాడవుతుందని ముందే తెలిసినవాణ్ణి కూడా నేనే. అరవై ఏళ్లు కావస్తున్నా ఆ దెబ్బలు నాకే తగిలినట్టుంటుంది.

పిన్నిగారు తోడు ఇచ్చిన మర్నాడు గోడ మీంచి "పెరుగు తోడుకుందా?" అని తప్పకుండా అడిగేవారు. తోడుకోకపోతే అమ్మ ఆ మాటే చెప్పేది. ఆవిడ నొచ్చుకునేవారు కాదు, తన గిన్నె కూడా చూసుకునేవారు. మన గ్రూపుల్లో సలహాలు రోజూ బుట్టలకొద్దీ వస్తున్నాయి గానీ, మర్నాడు పొద్దున అడిగేవాళ్లు, వచ్చి చెప్పేవాళ్లు తక్కువైపోయారు. నాకు దిగులంతా అదే.

నా మాట కూడా ఊరికే నమ్మకండి. ఒకేలాంటి ఖాళీ మందుల డబ్బాలు రెండు తీసుకోండి. మూతలకు సన్నని చిల్లు పెట్టమని నాన్నను అడగండి. ఒక్కోదానిలో ఒకే అంత దూది ఉంచి, చెంచాడేసి నీళ్లు పోసి మూత బిగించండి. ఒకటి బియ్యం గిన్నెలో పూడ్చండి. రెండోది ఫ్యాను కింద స్టూలు మీద పెట్టండి. మర్నాడు పొద్దున రెండు దూదులూ పిండి చూసి, ఏది ఎంత తడిగా ఉందో నాకు రాయండి. గ్రూపులో కూడా పెట్టండి. అమ్మ ఫోన్ ఏమైందో కూడా అందులోనే చెప్పండి, ఆ పదకొండు మంది ఎదురుచూస్తూ ఉంటారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య